అలాస్కా హైవే మీద మా నాన్న

మా నాన్న ముప్పై ఏళ్ళకు పైగా ఆర్టీసీలో డ్రైవరుగా చేశారు. గోకవరం డిపో. మారేడుమిల్లి ఘాట్ దిగి చింతూరు మీదుగా భద్రాచలం వెళ్ళే సర్వీసులోనే ఆయన ఉద్యోగం చాలావరకు గడిచింది. నేను నిద్ర లేవకముందే డ్యూటీకి వెళ్ళిపోయేవారు, నేను పడుకున్నాక వచ్చేవారు. నైట్ హాల్ట్ అయితే మర్నాటి దాకా కనిపించేవారే కాదు. కొక్కేనికి వేలాడే ఖాకీ చొక్కా, దాని నుంచి వచ్చే డీజిల్ వాసన, అన్నం తింటూ అమ్మతో చెప్పే డిపో కబుర్లు, ఇవే నాకు తెలుసు. స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషి ఎలా ఉంటాడో, దారి గురించి ఏం ఆలోచిస్తాడో నాకు తెలియదు. అది తెలిసింది 2019 ఆగస్టులో, కెనడా ఉత్తరాన, ఆయన స్టీరింగ్ పట్టుకోకుండానే.

అప్పటికి మేం ఎడ్మంటన్‌లో ఉంటున్నాం. అమ్మ, నాన్న వేసవికి మా దగ్గరికి వచ్చారు. కెనడా మీదుగా అలాస్కా వెళ్ళే అలాస్కా హైవే మీద ఆర్వీలో, అంటే ఇల్లులా వాడుకునే మోటారు బండిలో వెళ్ళాలని మా ఆయనకి ఎప్పటి నుంచో కోరిక. ఇంత దూరం వచ్చిన పెద్దవాళ్ళని ఇంట్లో కూర్చోబెట్టే బదులు వాళ్ళతో కలిసే వెళదామన్నారు. వాళ్ళిద్దరికీ అమెరికా వీసా లేదు కాబట్టి అలాస్కాలో అడుగుపెట్టే వీల్లేదు. అందుకని హైవే మీద యూకాన్ రాజధాని వైట్‌హార్స్ దాకా వెళ్ళి, అక్కడ ఉత్తరానికి తిరిగి డాసన్ సిటీ చేరాలని అనుకున్నాం. అద్దెకు తీసుకున్న ఆర్వీ పాతిక అడుగుల బండి. వెనక మంచం, డ్రైవర్ సీటు పైన ఇంకో పరుపు, మధ్యలో బల్ల, పక్కన పొయ్యి, ఫ్రిజ్, చిన్న బాత్రూమ్. అద్దె కాగితాల్లో డ్రైవర్లుగా మా ఇద్దరి పేర్లే ఉన్నాయి. "పర్లేదులే అమ్మాయ్, నేను ముందు సీట్లో కూర్చుంటాను" అన్నారు నాన్న.

బండి తీసుకున్న రోజున అద్దె ఆఫీసు కుర్రాడు మాకు స్టవ్ ఎలా వెలిగించాలో, నీళ్ళ ట్యాంకు ఎలా నింపాలో, వాడిన నీళ్ళు ఎక్కడ వదలాలో చూపిస్తున్నాడు. నాన్న అవేమీ పట్టించుకోకుండా బండి కింద దూరారు. లేచి వచ్చి అడిగిన మొదటి ప్రశ్న, "స్టెప్నీ ఎక్కడుంది?" వెనక అడుగున వేలాడుతున్న స్పేర్ టైరుని కిందికి దింపించి, గాలి చూసి, జాకీ, వీల్ స్పానర్ చేతికి వచ్చేదాకా మమ్మల్ని కదలనివ్వలేదు. ఆ తర్వాత ప్రతి ఉదయం కాఫీకి ముందు ఇనప కడ్డీతో ఆరు టైర్లూ కొట్టి చప్పుడు వినడం ఆయన పని. వెనక జంట టైర్లలో లోపలి దానికి గాలి దిగితే కంటికి కనబడదు, చప్పుడులోనే తెలుస్తుందట.

అమ్మ తన భాగం తను చూసుకుంది. బియ్యం, కందిపప్పు, చింతపండు, కందిపొడి, మజ్జిగ మిరపకాయలు, ఒక సీసా నిండా ఆవకాయ. ప్రొపేన్‌తో నడిచే ఆ చిన్న పొయ్యి మీద అయిదుగురికీ రెండు పూటలా వంట చేసింది.

హైవే డాసన్ క్రీక్ అనే ఊళ్ళో మొదలవుతుంది, మేం చేరాలనుకున్న డాసన్ సిటీ వేరు. సున్నా మైలు స్తంభం దగ్గర అందరూ దిగే ఫోటో మేమూ దిగాం. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగాక, సముద్రం వైపు నుంచి అలాస్కాకి సాయం అందకుండా పోతుందేమోనన్న భయంతో 1942లో అమెరికా సైన్యం ఈ రోడ్డు వేసింది. అడవి, బురద, మంచు, దోమలు. పది వేల మందికి పైగా సైనికులు ఎనిమిది నెలల్లో రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా దారి తెరిచారు. వాళ్ళలో సుమారు మూడో వంతు నల్లజాతివాళ్ళు. వాళ్ళని అప్పట్లో వేరే రెజిమెంట్లలో ఉంచేవారు. వేడి ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. సికానీ చీఫ్ నది మీద వంతెనని 95వ రెజిమెంట్ వాళ్ళు నాలుగు రోజుల లోపే కట్టేశారని మా ఆయన చదివి చెబుతుంటే నాన్న బండి ఆపమన్నారు. ఆ నది ఒడ్డున దిగి చాలాసేపు నిలబడ్డారు. "రోడ్డు మీద వెళ్ళేవాడికి రోడ్డు వేసినవాడు ఎప్పుడూ కనపడడు" అన్నారు. ఘాట్ రోడ్డులో కొండ విరిగిపడ్డప్పుడు రాళ్ళు తీసే గ్యాంగు కూలీల్లో చాలామందిని పేరు పెట్టి పిలిచేంత పరిచయం ఆయనకి. అది కూడా నాకు అప్పుడే తెలిసింది.

అంతకుముందే కిస్కటినా వంతెన చూశాం. హైవేని తర్వాత వేరే వైపు మళ్ళించినా పాత దారి ముక్క ఒకటి మిగిలింది, దాని మీద ఉందా వంతెన. మొత్తం చెక్క. అదీ తిన్నగా కాదు, వంపు తిరిగి ఉంటుంది. సుమారు 160 మీటర్ల పొడవు. వంపులో బయటి వైపు కాస్త ఎత్తుగా, బండి ఒరగకుండా ఉండేలా కట్టారు. మా ఆయన మెల్లగా పోనిస్తుంటే కింద దూలాలు టకటకమన్నాయి. అవతలికి వెళ్ళాక నాన్న దిగి వంతెన మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి వచ్చారు. మా వాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. తాతయ్య చెయ్యి పట్టుకుని వాడూ నడిచాడు. వంపులో బండి ఎందుకు బయటికి లాగుతుందో, రోడ్డు ఏటవాలుగా ఎందుకు వేస్తారో వాడికి చెబుతూ వచ్చారు. బడిలో చెప్పిన ఏ పాఠమూ వాడికి అంత బాగా గుర్తున్నట్టు నాకనిపించదు.

వాతావరణం సంగతి చెప్పాలి. బయల్దేరిన రోజు టీషర్టులతో ఉన్నాం. ఫోర్ట్ సెయింట్ జాన్ దాటేసరికి ఉరుములు. ఫోర్ట్ నెల్సన్‌లో చల్లగాలి, ఆ వెనకే ఎండ. ఫోర్ట్ నెల్సన్‌లో పెట్రోలు పోయించుకుంటున్నప్పుడు ఒక సంగతి జరిగింది. నాన్న మామూలుగా కడ్డీతో టైర్లు కొడుతున్నారు. పక్కన ఆగిన పెద్ద లారీలోంచి తెల్లగడ్డం డ్రైవర్ ఒకాయన దిగాడు. ఆయన చేతిలోనూ కర్రతో చేసిన అలాంటిదే ఒకటి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. నాన్నకి వచ్చిన ఇంగ్లీషు కొంచెమే. ఆ లారీ డ్రైవర్ మాట మాకే సగం అర్థం కాలేదు. అయినా ఇద్దరూ బండ్ల చుట్టూ తిరుగుతూ ఒకరి టైర్లు ఒకరు కొట్టి చూశారు. వెళ్ళబోతూ ఆయన మా ఆయనతో, "సమ్మిట్ మీద ఈ రాత్రికి మంచు పడొచ్చు, ఇక్కడే ఆగి పొద్దున వెళ్ళండి" అని చెప్పాడు. ఆగస్టులో మంచేమిటని మేం సందేహిస్తున్నాం. నాన్న మాత్రం, "రోజూ ఆ దారిన తిరిగేవాడు చెబుతున్నాడు, ఆగుదాం అల్లుడుగారూ" అన్నారు. ఆగాం.

పొద్దున వెళ్ళేసరికి సమ్మిట్ లేక్ చుట్టూ కొండలు తెల్లగా ఉన్నాయి. ఆ హైవే మొత్తంలో ఎత్తయిన చోటు అదే, 1,295 మీటర్లు. రోడ్డు మీద మంచు కరుగుతూ బురద నీళ్ళుగా పారుతోంది. అమ్మ చలికోటు మీద శాలువా, దాని మీద ఇంకో శాలువా కప్పుకుంది. అక్కడి నుంచి దిగుడు మొదలైంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. మా ఆయనకి లోపల టెన్షన్ ఉందని ఆయన భుజాలు చూస్తేనే తెలిసిపోతోంది. నాన్న గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "బ్రేకు తొక్కుతూ దిగొద్దు. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. మీ బండికి ఆ బటను ఉందిగా, అది నొక్కండి. ఊఁ, ఇప్పుడు బండే ఆపుకుంటుంది చూడండి. ఎదురుగా వచ్చేవాణ్ణి చూడకండి, మన అంచు చూసుకోండి." ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఘాట్ రోడ్డు చీకట్లో వెనక అంతమంది నిద్రపోతుంటే ఈ మనిషి ఇలాగే ఉండేవారన్నమాట అని అప్పుడు అనిపించింది. ముందు సీటు వెనక నిలబడి ఆయన మెడనే చూస్తూ ఉండిపోయాను.

మంచో లేక్ చేరేసరికి వాన అందుకుంది. పన్నెండు కిలోమీటర్ల పొడవున్న సరస్సు. మబ్బు పట్టినా నీళ్ళు పచ్చరాయి రంగులోనే ఉన్నాయి. ఒడ్డునే, కొండ తొలిచి వేసిన రోడ్డు. అక్కడి కొండల మీద నుంచి వాగులు రాళ్ళూ కంకరా మోసుకుని నేరుగా రోడ్డు మీదకే దిగుతాయి. మేం సరస్సు పక్కన క్యాంపింగ్ చోట ఆగిన రాత్రంతా వాన కురిసింది. పొద్దున హైవే మనిషి వచ్చి, ముందు ఒకచోట రోడ్డు కోసుకుపోయిందని, ఎప్పుడు తెరుస్తారో చెప్పలేమని అన్నాడు. ఫోన్ సిగ్నల్ లేదు. ఆ క్యాంపులో కరెంటు కనెక్షన్ కూడా లేదు. ఉన్నదల్లా బండి బ్యాటరీ, ప్రొపేన్ సిలిండర్, ట్యాంకులో మిగిలిన నీళ్ళు.

నాన్న వెంటనే లెక్కలోకి దిగారు. హీటర్ ఫ్యాను బ్యాటరీ తింటుంది కాబట్టి రాత్రికి కొంచెంసేపే వెయ్యాలి. లైట్లు ఒకటే. గిన్నెలు కడిగే నీళ్ళు సరస్సు నుంచి తెచ్చుకోవాలి. స్నానాలు బంద్. మా వాడికి బకెట్ మోసే డ్యూటీ పడింది. అమ్మ చారు పెట్టి, అన్నం వండి, మజ్జిగ మిరపకాయలు వేయించింది. పక్క బండిలో ఒక ముసలి జంట ఉన్నారు, వాళ్ళకీ గిన్నెలో చారు పంపింది. ఆవకాయ సీసా మాత్రం తలుపు బయట పెట్టే వీల్లేదు. వాసన వచ్చేది ఏదైనా బయట ఉంటే ఎలుగుబంట్లు వస్తాయని ప్రతి క్యాంపులో బోర్డులుంటాయి.

ఆ సాయంత్రం మా ఆయన చాలా చికాకుగా ఉన్నారు. ఆఫీసుకి పెట్టిన సెలవులు, బండి అద్దె, ముందు బుక్ చేసుకున్న చోట్లు, అన్నీ లెక్క తప్పుతున్నాయి. అప్పుడు నాన్న 1986 సంగతి ఎత్తారు.

గోదావరికి ఆ ఆగస్టులో వచ్చిన వరద మా వైపు వాళ్ళెవరూ మర్చిపోలేదు. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు. గోదావరి అంత పొంగితే శబరి నీళ్ళు దాంట్లో కలవలేక వెనక్కి తన్నుతాయి. చింతూరు చుట్టూ రోడ్లు మునిగిపోతాయి. నాన్న బస్సు ఆ రోజు నిండా జనంతో చింతూరు చేరింది. ముందుకి దారి లేదు. వెనక్కి వెళదామంటే ఘాట్‌లో చెట్లు కూలాయి. ప్రయాణికుల్లో ఒకాయన నీళ్ళు మోకాలి లోతే ఉన్నాయి పోనివ్వమని గొడవ పెట్టాడు. కొందరు వంత పాడారు. నాన్న బస్సుని ఎత్తుగా ఉన్న బడి ఆవరణలోకి తీసుకెళ్ళి ఆపేసి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నారు. "కింద రోడ్డు ఉందో లేదో నాకు కనపడనప్పుడు బండి కదపను" అన్నారట. ఊళ్ళోవాళ్ళు జావ కాచి పోశారు. కండక్టరూ నాన్నా బస్సు మెట్ల మీద వంతులవారీగా మేలుకుని ఉన్నారు. నీళ్ళు తీశాక చూస్తే ముందున్న కల్వర్టు లేదు.

నాకు అప్పుడు ఆరేళ్ళు. ఆ కథ నాకు ఇంట్లో ఎవరూ చెప్పలేదు. నాన్న ఆపేశాక అమ్మ మొదలుపెట్టింది. ఫోన్లు లేవు. డిపోలో అడిగితే బస్సు చింతూరు చేరిందో లేదో తెలియదన్నారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నన్ను చంకన వేసుకుని డిపోకి నడిచేదట. అక్కడ మిగతా డ్రైవర్ల ఇళ్ళవాళ్ళు కూడా వచ్చి కూర్చునేవారట. నాన్న ఇంటికొచ్చిన రోజు స్నానానికి నీళ్ళు పెట్టి అన్నం వడ్డించింది తప్ప ఒక్క మాట కూడా అడగలేదని చెప్పింది. "అడిగితే ఏడుస్తానని అడగలేదు" అంది. నాన్న తల దించుకుని విన్నారు. ముప్పై మూడేళ్ళ తర్వాత, బయట వాన కొడుతుంటే, ఆ ఒక్క లైటు కింద ఆయన అడిగారు, "రోజూ వచ్చావా డిపోకి?" అని. అమ్మ తలూపింది.

మా ఆయన ఆ తర్వాత సెలవుల గురించి మాట్లాడలేదు. ఆ రాత్రి మా వాడు తాతయ్య పక్కనే పడుకున్నాడు.

దారి ఒక వరుస తెరిచాక, ముందు దారి చూపే పైలట్ కారు ఒకటి, వెనక వరుసగా మేమంతా. రెండు వైపులా ఎన్నో లారీలు, ఆర్వీలు ఆగి ఉన్నాయి. ఎవరూ హారన్ కొట్టలేదు. వాగు పక్క కొత్తగా పోసిన కంకర మీద నుంచి అంగుళం అంగుళం దాటించారు. ఎండలో, వానలో రోడ్డు పని చేస్తున్న ఆడామగా కూలీలందరికీ నాన్న కిటికీలోంచి చెయ్యెత్తి దణ్ణం పెట్టారు.

అక్కడికి కొద్ది దూరంలోనే లియార్డ్ వేడినీటి బుగ్గలు. స్నానాలు బంద్ పెట్టుకున్న మాకు అంతకన్నా ఏం కావాలి! చిత్తడి నేల మీద చెక్కలతో వేసిన బాట, అది దాటితే అడవి మధ్యలో పొగలు కక్కే మడుగు. నీళ్ళు 42 నుంచి 52 డిగ్రీల దాకా ఉంటాయి, నీరు పుట్టే వైపు వెళ్ళేకొద్దీ కాగుతూ ఉంటాయి. మొదటి చెక్కబాట 1942లో రోడ్డు వేసిన సైనికులే వేసుకున్నారు. పైన చలి, సన్నగా వాన, మెడ దాకా వేడినీళ్ళు. అమ్మ చుడీదార్‌తోనే దిగి, మూడుసార్లు మునిగి, గంగేచ యమునే అంటూ శ్లోకం చదువుకుంది. పక్కనున్న తెల్లవాళ్ళు మాట్లాడుకోవడం ఆపి విన్నారు. ఆ తర్వాత అమ్మని పైకి రప్పించడం చాలా కష్టమైంది. ఆ సాయంత్రమే రోడ్డు పక్కన అడవిదున్నల మంద కనబడింది. దూడలతో సహా తీరిగ్గా గడ్డి మేస్తున్నాయి. అవి రోడ్డు దాటే దాకా అందరం ఆగాం.

నాన్న గోకవరం నుంచి ఒక వస్తువు తెచ్చుకున్నారు. వాట్సన్ లేక్ ఊరి గురించి ఆయనకి ఫోన్లో ముందే చెప్పాను. 1942లో రోడ్డు పనిలో ఉన్న కార్ల్ లిండ్లీ అనే అమెరికన్ సైనికుడు, ఇంటి మీద బెంగతో తన ఊరు డాన్‌విల్ పేరు రాసిన బోర్డు అక్కడ పాతాడు. అది చూసి వచ్చినవాళ్ళందరూ తమ ఊళ్ళ పేర్లు కొట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు 80 వేలకు పైగా బోర్డులతో అది ఒక అడవి అయిపోయింది. నాన్న డిపోలో బోర్డులు రాసే పెయింటర్‌ని పట్టుకుని, పసుపు రేకు మీద నల్ల అక్షరాలతో "రాజమండ్రి – భద్రాచలం, వయా గోకవరం, మారేడుమిల్లి, చింతూరు" అని తెలుగులో రాయించి, సూట్‌కేస్ అడుగున బట్టల మధ్య పెట్టి తెచ్చారు. వాన వెలిసి ఎండ కాస్తోంది. చాలాసేపు వెతికి, ఒక స్తంభం మీద ఖాళీ చూసుకుని, మా వాడు మేకులు అందిస్తుంటే తనే కొట్టారు. ఇనుప బోర్డులు, నంబరు ప్లేట్లు, ఇంగ్లీషు, జర్మన్, జపనీస్ అక్షరాల మధ్య మా బస్సు బోర్డు. కొట్టాక రెండడుగులు వెనక్కి వెళ్ళి, అక్షరాలు దూరం నుంచి కనపడుతున్నాయో లేదో చూశారు. ప్రయాణికుడికి కనపడాలి కదా మరి.

టెస్లిన్ దగ్గర మేం దాటిన నిసుట్లిన్ బే వంతెన పొడవు సుమారు 584 మీటర్లు ఉండేది. అప్పటి వంతెనకి తారు రోడ్డు లేదు, కింద అంతా ఇనుప జాలీ. టైర్ల కింద ఝుమ్మని ఒకటే హోరు. గాలి బండిని పక్కకి నెట్టింది. "స్టీరింగ్ బిగించి పట్టుకోవద్దు, కాస్త వదులుగా" అని నాన్న చెప్పడం, దాటాక మా ఆయన పెద్దగా ఊపిరి వదలడం గుర్తుంది. వైట్‌హార్స్‌లో బట్టలు ఉతుక్కోవడం, కూరగాయలు కొనడం, ట్యాంకులు ఖాళీ చెయ్యడం, ఇవే జరిగాయి. ఎస్ఎస్ క్లోండైక్ అనే పాత స్టీమరు ఓడ మాత్రం చూశాం.

అక్కడి నుంచి డాసన్ సిటీకి సుమారు 530 కిలోమీటర్లు. కాలిపోయిన అడవుల పక్క, ఏ ఏడాది నిప్పు అంటుకుందో రాసిన బోర్డులుంటాయి. 1998లో కాలిన ఫాక్స్ లేక్ అడవిలో కొత్త చెట్లు మనిషెత్తు దాటాయి. ఫైర్‌వీడ్ అనే ఊదా పువ్వు కాలిన నేల మీద ముందుగా వస్తుంది. దాని పువ్వులు కింద నుంచి పైకి విచ్చుకుంటూ పోతాయి, కొసకి చేరాయంటే చలికాలం దగ్గరపడ్డట్టే అంటారు అక్కడివాళ్ళు. మేం చూసేసరికి కొస పువ్వు కూడా రాలి, తెల్లటి దూది ఎగురుతోంది.

డాసన్‌లో వీధులు ఇప్పటికీ మట్టివే, పక్కన నడవడానికి చెక్క బల్లలు. 1896 ఆగస్టులో అక్కడికి దగ్గర్లో బంగారం దొరికింది. ఆ తర్వాత వేలాది మంది ఎగబడ్డారు. నేల అడుగున ఎప్పటికీ కరగని మంచు ఉంటుంది. ఇంటి వేడికి అది కరిగితే గోడలు ఒరుగుతాయి. అలా ఒరిగి ఒకదాన్నొకటి ఆనుకున్న పాత ఇళ్ళు రెండు ఉన్నాయి అక్కడ. అద్దె ఆర్వీని కంకర రోడ్డు ఎక్కించకూడదు కాబట్టి దాన్ని ఊళ్ళోనే ఉంచి, ఇంకా ఉత్తరానికి వెళ్ళే డెంప్‌స్టర్ హైవే మీదకి అనుమతి ఉన్న పికప్ ఒకటి అద్దెకి తీసుకున్నాం. ఆర్కిటిక్ వలయం గీత దాకా వెళ్ళాలని మా ఆశ. అది ఆ రోడ్డు మీద 405వ కిలోమీటరు దగ్గర ఉంటుంది.

1979లో తెరిచిన రోడ్డు అది. ఇనువిక్ ఊరి దాకా సుమారు 740 కిలోమీటర్లు, దాదాపు అంతా కంకరే. 2017 నవంబరులో ఇంకో 138 కిలోమీటర్లు కలిపి, ఆర్కిటిక్ సముద్రం ఒడ్డున టక్టోయక్టక్ దాకా తీసుకెళ్ళారు. అడుగున మంచు కరగకుండా మందంగా కంకర కట్ట పోసి, దాని మీద దారి నడిపారు. రోడ్డు వేడిని నేలకి తగలనివ్వకుండా కాపాడడమే దాని కిటుకు. నాన్న ఆ కట్టని దిగి చేత్తో తడిమి చూశారు. టూంబ్‌స్టోన్ కొండల్లోకి వెళ్ళేసరికి నేలంతా ఎర్రగా ఉంది. మోకాలెత్తు కూడా లేని పొదలు ఆకు రంగు మార్చి, కనుచూపు మేర అదే ఎరుపు, మధ్యలో పసుపు. నార్త్ ఫోర్క్ కనుమ దగ్గరకి వచ్చేసరికి ఆ ఎరుపు మీద మంచు రాలడం మొదలైంది. పది నిమిషాల్లో కొండలు మాయమయ్యాయి. వైపర్లకి మంచు అంటుకుపోతోంది. ఎదురుగా వచ్చిన హైవే బండి ఆగి, ముందు గాలికి ఏమీ కనపడడం లేదని, దారి మూసేస్తున్నారని చెప్పింది.

ఈసారి నాన్న చెప్పాల్సిన అవసరం రాలేదు. మా ఆయనే బండి పక్కకి తీసి ఆపి, "తిరుగుదాం మావయ్యగారూ" అన్నారు. నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేశారు. ఇంజిన్ ఆపి, తెచ్చుకున్న పులిహోర అక్కడే తిన్నాం. మా వాడు కిందికి దిగి అరచేతిలో మంచు పట్టి అమ్మకి తెచ్చి ఇచ్చాడు. ఆర్కిటిక్ గీత చూడలేదన్న బాధ నాకు ఇప్పటికీ కొంచెం ఉంది. ఆ ఎర్ర నేల మీద పడ్డ మంచు ముందు అది పెద్ద బాధ కాదు.

ఆగస్టు చివర్లో డాసన్‌లో రాత్రి పదింటిదాకా వెలుగుంటుంది. అర్ధరాత్రి దాటాక అమ్మ ఎందుకో బయటికి వచ్చి, మమ్మల్ని పేరు పేరునా పిలిచి లేపింది. ఆకాశంలో ఆకుపచ్చ వెలుగు పొడుగ్గా కదులుతోంది. అరోరా అనే ఈ ఉత్తర ధ్రువపు వెలుగుల ఫోటోలు ఎన్ని చూసినా, అమ్మ పక్కన నిలబడి చూసినప్పుడు కలిగిన ఆనందం వేరు.

తిరుగు ప్రయాణంలో ఎండలే. సమ్మిట్ దగ్గర మంచు జాడ లేదు, మంచో దగ్గర కోసుకుపోయిన చోట రెండు వరుసలూ తెరిచారు. ఎడ్మంటన్ చేరిన రాత్రి నాన్న మారేడుమిల్లి సర్వీసులో తనతో చాలాకాలం పనిచేసిన కండక్టర్ మావయ్యకి ఫోన్ చేశారు. వంపు తిరిగిన చెక్క వంతెన, నల్లజాతి సైనికులు, ఇనుప జాలీ వంతెన, కంకర కట్ట, పైలట్ కారు, అన్నీ చెప్పారు. అవతల నుంచి ఆయన అడిగిన ప్రశ్న స్పీకర్‌లో మాకందరికీ వినబడింది, "కేఎంపీఎల్ ఎంతొచ్చిందిరా?" అని. డిపోలో లీటరుకి ఎన్ని కిలోమీటర్లన్నదే డ్రైవరుకి పేరు తెచ్చే లెక్క. నాన్న లేచి వెళ్ళి తన చిన్న నోటుపుస్తకం తెచ్చుకున్నారు. పెట్రోలు పోయించిన ప్రతి చోటా రీడింగు రాసి పెట్టుకున్నారట, మాకెవరికీ తెలియదు. కళ్ళజోడు పెట్టుకుని, "డాసన్ క్రీక్ నుంచి చెప్పనా, ఎడ్మంటన్ నుంచి చెప్పనా?" అని అడిగి, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు.